దించమనే గొంతు

4 ఆగస్టు 1985
రైసుమిల్లు కాటా ఎక్కాను. ఇంకా కిలోన్నర ఎక్కువ. గుంటూరులో రాష్ట్ర పోటీల తూకం నాటికి డెబ్బై అయిదు కిలోలు దాటితే పై తరగతిలోకి తోసేస్తారు. అక్కడంతా దున్నపోతులే.

నాగేంద్రం నా ఎదురుగా కూర్చుని గోంగూరలో ఉల్లిపాయ నంజుకుంటూ తింది. కావాలనే. "ఉప్పులేని మజ్జిగ తాగే మొగుడి దగ్గర కోపం తప్ప ఏం మిగిలిద్ది" అని కూడా అంది. కట్టుకున్నదానికి జాలి ఉండాలని ఎవరూ చెప్పి పంపలేదు కాబోలు.

6 ఆగస్టు
పొద్దున్నే తాలింఖానాలో కసరత్తు. రేకుల షెడ్డు అప్పటికే పెనంలా కాలుతోంది. లారీ ఇరుసుకి చెరో పక్కా మా క్వారీ రాతి బిళ్ళలు — డెడ్‌లిఫ్ట్, నేలమీంచి తొడల దాకా లాగి నిలబడటం. పైకి తెచ్చి నిలబడ్డాను. మామ నా చుట్టూ తిరిగాడు. నడుం చూశాడు, మోకాళ్ళు చూశాడు. తీరిగ్గా ముక్కుపొడుం పీల్చి తుమ్మాడు. అప్పుడు — "దించు".

ఇంట్లో "అల్లుడుగారూ". షెడ్డులో "ఒరేయ్ బెమ్మయ్యా". కూతుర్నిచ్చినంత మాత్రాన వస్తాదు మామ అయిపోతాడా.

9 ఆగస్టు
నీళ్ళు పుక్కిలించి ఉమ్మడమే, మింగడం లేదు. రేపు ప్యాసింజర్ బండికి ప్రయాణం. మామ తన పంచె చించి నా మోకాళ్ళకి పట్టీలు కుట్టాడు. చుట్టి చూస్తే బిగుతుగా, బాగున్నాయి.

సాయంత్రం ప్రసాదరావు గారు సైకిల్ షాపు మూసి ఇటే వచ్చారు. మా జిల్లా పవర్‌లిఫ్టింగ్ సంఘానికి సెక్రటరీ ఆయనే. "ఈసారి ఆంధ్ర జట్టు ఖాయంగా పోతంది. నువ్వు ఫస్టు వస్తే జాతీయ పోటీలకి నీ పేరే. ముప్పై మూడేళ్ళొచ్చినయ్యి, మళ్ళీ మళ్ళీ రాదు బ్రహ్మయ్యా..."

నాకు తెలియదా. రెండేళ్ళు రాష్ట్ర ఛాంపియన్ని. ఆ రెండేళ్ళూ జట్టే కదల్లేదు. ఢిల్లీయో, కలకత్తానో, ఎక్కడైనా సరే — ఒక్కసారి ఆ జట్టు చొక్కా వేసుకుని ఎత్తాలి. ఇంకేమీ అడగను. ఇది ఎవరితోనూ అనలేదు, నాగేంద్రంతో కూడా.

11 ఆగస్టు
పోయింది.

12 ఆగస్టు
రాయకపోతే ఊపిరాడేట్టు లేదు.

స్క్వాట్, భుజాలమీద బరువుతో గుంజీ, బాగా వచ్చింది. బెంచ్, పడుకుని ఎత్తేది, మామూలే, నా చేతులు పొడుగు. చివరిది డెడ్‌లిఫ్ట్, రెండొందల ముప్పై. అది లేస్తే నేనే ఫస్టు. లేచింది. మోకాళ్ళు దాటింది. నిలబడ్డాను. ఎదురు కుర్చీలో రిఫరీ. ఆయన చెయ్యి కిందికి దించి "డౌన్" అనాలి, నేను దించాలి. నా భుజాలు కుదురుకోవాలని చూస్తున్నాడు. చెయ్యి ఇంకా దిగలేదు.

జనంలోంచి మామ గొంతు. "దించరా!"

దించేశాను.

ఆలోచించలేదు. ఆలోచన వచ్చేలోపు ఇనుము నేలమీద ఉంది. చెల్లదని మూడు ఎర్రలైట్లు వెలిగినా నాకు అర్థం కాలేదు. మామ వైపు తిరిగి నవ్వాను కూడా — ఎలా ఎత్తాను అన్నట్టు. ఆయన ముఖం చూశాక తెలిసింది.

తిరుగు బండిలో ఆయన ఒక పెట్టె, నేను ఒక పెట్టె.

14 ఆగస్టు
నాగేంద్రం: "మా నాన్న ఎందుకరిచాడంట?"

"నా నడుం వొణికిందంట. నడుం నాది. వొణుకు ఆయనకి కనపడింది."

"నీకు తెలవలా?"

"లేదు."

నిజంగానే లేదు. అంత బాగా ఎప్పుడూ నిలబడలేదు.

17 ఆగస్టు
తప్పు ఆయనదే అని పొద్దున అనుకుంటాను. క్వారీకి వెళ్ళాక, ఎండెక్కే వేళకి, నాదే అనిపిస్తుంది.

ఆరుగురం కలిసి బండ ఎత్తితే ఒక్క గొంతు ప్రకారం నడవాలి. మేస్త్రి "దించు" అనకముందు ఒకడు వదిలితే మిగతావాళ్ళ వేళ్ళు నుజ్జు. అన్నాక ఒకడు పట్టుకుని ఉన్నా అంతే, బండ వాడివైపు ఒరుగుతుంది. మామకి ఎడమచేతి చిటికెన వేలు లేదు, అలా పోయిందే. నేను మీసాలు రాకముందు క్వారీలో చేరాను. అప్పటినుంచీ అక్కడ మేస్త్రి ఆయనే, షెడ్డులో వస్తాదూ ఆయనే. ఒకటే గొంతు. నా చేతులకి ఇంకో గొంతు తెలియదు. తెల్లచొక్కా వేసుకున్న ఆ రిఫరీ ఎవరు వాటికి?

సరే. ఇదంతా నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు గదా. తెలిసిన మనిషి నోరు మూసుకుని కూర్చోవద్దా!

20 ఆగస్టు
మామ షెడ్డుకి రాలేదు.

25 ఆగస్టు
ఇవ్వాళా రాలేదు. రాకపోతే రాకపోయాడు. నేనేం పిలవను.

3 సెప్టెంబర్
ఇరుసు పైకి తెచ్చాను. నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. శీనుగాడు — షెడ్డులో నా తర్వాతి వాడు, నోరు మాత్రం నాకంటే ముందు — "ఏందన్నా, తపస్సా? దించవా?" అన్నాడు. అందరూ నవ్వారు. దించాక వాడి వీపు మీద ఒకటి వేశాను. నవ్వులాటకే. కొంచెం గట్టిగానే తగిలినట్టుంది.

11 సెప్టెంబర్
చేపల పులుసు. నాగేంద్రం గిన్నెలో తీసి కొంగు కింద పెట్టుకుని వాళ్ళ నాన్న ఇంటికి వెళ్తోంది. వాకిట్లో అడ్డం నిలబడ్డాను.

"యాడికి?"

"మీ ఇద్దరూ మాట్లాడుకోకపోతే మానండి. పులుసేం చేసింది మధ్యలో?"

తప్పుకున్నాను. పెద్దాయన ఒక్కడే వండుకు తింటాడు, అత్తమ్మ పోయినప్పటినుంచీ. కూర వండుకోడు, పచ్చడి మెతుకులే. అది గుర్తొచ్చి నాకు కోపం ఇంకా పెరిగింది. ఎందుకో తెలియదు.

2 అక్టోబర్
జాతీయ పోటీలకి జట్టు వెళ్ళిందట. నా స్థానంలో గుంటూరు కుర్రాడు. మంచివాడే. నా చెయ్యి పట్టుకుని "మీదే అన్నా అది" అన్నాడు ఆవేళ. వాడిమీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు.

19 అక్టోబర్
ప్రసాదరావు గారు: "వచ్చే ఏడు చూద్దాం. కానీ ఒకటే మాట — మీ మామని హాల్లోకి తీసుకురామాక."

ఆ మాట నేను అనుకుంటే ఒకటి. ఆయన అంటుంటే ఒళ్ళు మండింది. "ఆయన లేకపోతే నేను ఇప్పటికీ బండలు మోసే బ్రహ్మయ్యనే గదండీ" అన్నాను. ఆయన తెల్లబోయారు. ఇప్పుడు మాత్రం ఏమిటి, బండలు మోసే బ్రహ్మయ్యనే.

6 డిసెంబర్
క్వారీలో మామ మేస్త్రిగిరీ మానేశాడు. పనికి వస్తున్నాడు, ఉలీ సుత్తీ పట్టుకుని ఓ మూల కూర్చుని అంచులు చెక్కుతున్నాడు. లోడింగుకి మాత్రం రానన్నాడట. ఎత్తు, దించు అని సాంబయ్య చెబుతున్నాడిప్పుడు. సాంబయ్య గొంతు సన్నం. లారీ ఇంజను ఆన్ చేసి ఉంటే సగం మందికి వినపడదు.

ఇవ్వాళ నలుగురు దించారు, ఇద్దరం పట్టుకుని ఉన్నాం. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. బండ మూల పక్కవాడి కాలికి వెంట్రుకవాసిలో పడి చెప్పు ముక్కలైంది. కాలు మిగిలింది. వాడు ఆ చెప్పు పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "మీ ఇంటి పంచాయితీకి మా కాళ్ళెందుకయ్యా పోవాల? పోయి మీ మామని పిలుచుకురా."

నేను వెళ్ళలేదు. నాగేంద్రం వెళ్ళింది.

7 డిసెంబర్
వాళ్ళ నాన్న ఏమన్నాడో చెప్పింది, గిన్నెలు తోముతూ, నావైపు చూడకుండా. "నా నోటి మీద నాకే నమ్మకం పోయిందమ్మా. దించాల్సినప్పుడు అంటానో, నా భయానికి అంటానో... ఆరుగురి ప్రాణాలు" అన్నాడట.

అంటే గుంటూరులో నిజంగా వొణుకు చూశాడా, ఊరికే భయపడ్డాడా — ఆయనకే తెలియదన్నమాట.



18 జనవరి 1986
వెల్దుర్తి తిరునాళ్ళకి పిలిచారు. బండి ఇరుసు చక్రాలతో సహా ఎత్తాలట. వెళ్తాను. ఎత్తి చూపిస్తాను. ఎవరికి చూపిస్తావని అడక్కూడదు.

9 మార్చి
నడుం వంచలేను. పడుకుని రాస్తున్నాను, అక్షరాలు కొండా కోనా తిరుగుతున్నాయి.

వెల్దుర్తి. మైకులో వాడు "పల్నాటి పులి" అని ఒకటే గోల. పులి కాదు, ముందు రోజునుంచి సరిగా తినని మనిషి. ఇరుసు ఎత్తాను, రెండు చక్రాలతో. తొడలమీదికి, అక్కణ్ణుంచి ఛాతీమీదికి. జనం ఈలలు. మైకువాడు "ఇంకా! ఇంకా! చప్పట్లు కొట్టండయ్యా!" నేను పట్టుకుని నిలబడే ఉన్నాను. నాకే తెలుసు చాలని. అయినా దించలేదు. చెవులు దేనికోసమో ఎదురు చూస్తున్నాయి. అంత జనంలో ఎత్తమనేవాళ్ళే అందరూ. దించమనేవాడు ఒక్కడు లేడు.

నడుంలో ఏదో కదిలింది. తుంటిలోంచి ఎడమ మడమ దాకా సెగ. ఇరుసు చేతుల్లోంచి జారింది. మైకువాడు దానికీ చప్పట్లు కొట్టించాడు.

14 మార్చి
నరసరావుపేట. డాక్టరు ఎక్సరే కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాడు. నాకు అందులో ఏమీ కనపడలేదు, పొగ తప్ప. వెన్నులో బిళ్ళ జారి నరాన్ని నొక్కుతోందట. విశ్రాంతి తీసుకుంటే సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. "పోటీలు మానెయ్. మళ్ళీ ఇలా జరిగితే ఆ కాలు నీ మాట వినదు."

"ఎన్నాళ్ళకి మళ్ళీ వింటుందండీ?"

"వినకపోవచ్చు."

బస్సులో నాగేంద్రం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చెంప తుడుచుకుంటుంటే చూశాను. ఏడ్చే మనిషి కాదు. కోపం వస్తే గిన్నెలు విసురుతుంది, అంతే. ఏం మాట్లాడాలో తెలియక "మరమరాలు కొననా?" అన్నాను. "నీ బొంద" అంది. కొంచెం నయమనిపించింది.

2 ఏప్రిల్
మంచం. పైకప్పు. బల్లి.

5 ఏప్రిల్
మామ వచ్చాడు.

చేతిలో నువ్వుల నూనె గిన్నె. గుమ్మంలో నిలబడి దగ్గాడు. నాగేంద్రం చెప్పే ఉంటుంది, డాక్టరు మాటతో సహా. "బోర్లా పడుకో" అన్నాడు. పడుకున్నాను. నడుం మీద ఆ నాలుగువేళ్ళ చెయ్యి. ఎనిమిది నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట "బోర్లా పడుకో". నాకు ఏడుపొచ్చింది. దిండులో ముఖం పెట్టి ఉన్నాను గనుక సరిపోయింది.

9 ఏప్రిల్
రోజూ వస్తున్నాడు. రుద్దుతాడు. నేను అడిగాను చివరికి. "ఆవేళ నిజంగా వొణికిందా మామా?"

చాలాసేపు రుద్దాడు.

"వొణికిందనే అనిపించింది. వొణికితే, ఆ మీదట ఇరిగిద్ది. నేను చానామందిని చూశా. అనిపించగానే నోరు లేచింది. నిజవో కాదో దేవుడికి తెలవాల."

"నేను ఫస్టు వచ్చేవాణ్ణి."

"వచ్చేవోడివే."

క్షమించమనలేదు. నేనూ పర్లేదని అనలేదు. కానీ మూలనున్న బండరాయిని ఇద్దరం కలిసి కొంచెం పక్కకి జరిపినట్టుంది.

3 మే
నడుస్తున్నాను. ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చాను. సెగ లేదు. ఎడమకాలి వేళ్ళు మాత్రం అప్పుడప్పుడూ మొద్దుబారుతున్నాయి. చెప్పలేదు ఎవరికీ.

18 మే
క్వారీకి వెళ్ళాను, చెక్కుడు పనికి. మామా నేనూ పక్కపక్కన. అవతల సాంబయ్య సన్నగా అరుస్తున్నాడు. ఆ అరుపు వినపడ్డప్పుడల్లా మామ ఉలి ఆగిపోతుంది. బండ నేలమీద పడ్డ చప్పుడయ్యాక మళ్ళీ మొదలు.

1 జూన్
ప్రసాదరావు గారు వచ్చారు. ఆగస్టులో బెజవాడలో రాష్ట్ర పోటీలు. జట్టు ఈసారీ వెళ్తుంది. "నీ నడుం సంగతి నువ్వే చెప్పాల."

నేను నాగేంద్రం వైపు చూశాను. నాగేంద్రం వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన చెట్టు మీది కాకిని చూశాడు.

ప్రసాదరావు గారు వెళ్ళాక నాగేంద్రమే అంది. "ఎత్తితే భయం. ఎత్తకపోతే ఈ ముఖం వేసుకుని ఇంట్లో తిరుగుతావు, నిన్ను మొయ్యడం ఇంకా బరువు. ఒక్కసారి. ఆ ఒక్క చొక్కా ఏసుకో, తర్వాత నా మాట."

చొక్కా సంగతి దీనికెలా తెలుసు? నిద్రలో వాగానా?

8 జూన్
షెడ్డు. తక్కువ బరువు. సిగ్గేసేంత తక్కువ. మామ వచ్చాడు, గోడకి చేరగిలబడి నిలబడ్డాడు. ఎత్తాను. నిలబడ్డాను. ఆయన నోరు తెరవలేదు.

"అనవేం మామా?"

"ఇంక ఆ మాట నా నోట రాదు. ఆడ రిఫరీ మాటే వినాల నువ్వు. నా గొంతు నీ చెవుల్లోంచి పోవాల."

15 జూన్
నా చెవులకి కొత్త గొంతు నేర్పించాలట. మామ ఆలోచన ఇది. నాగేంద్రాన్ని షెడ్డుకి పట్టుకొచ్చాడు. పీట వేసి ఎదురుగా కూర్చోబెట్టాడు. నేను ఎత్తి నిలబడితే అది చెయ్యి కిందికి దించి "డౌన్" అనాలి.

మొదటిసారి నవ్వు ఆపుకోలేక అనలేదు. నేను బరువు పట్టుకుని నిలబడ్డాను, అది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. శీనుగాడు నేలమీద పడి దొర్లాడు. రెండోసారి అంది — "డౌను".

దించాను. ఎవరి మొగుడు ఇలా మాట వింటాడు, అంది.

29 జూన్
నాగేంద్రానికి రుచి మరిగింది. ఇంట్లో కూడా అదే. చెంబు పట్టుకుంటే "డౌను". పడక్కుర్చీలోంచి లేవబోతే "డౌను".

షెడ్డులో మామ మాత్రం పక్కన నిలబడి, అది అన్నప్పుడల్లా తల తిప్పుకుంటాడు. ఆయన పెదాలు కదులుతాయి. ఒక్కోసారి దానికంటే ముందే. నేను చూడనట్టు ఉంటాను.

20 జూలై
రెండొందల ఇరవై లేచింది. నడుం ఊరుకుంది. వేళ్ళు మొద్దుబారాయి, చీకటి పడేలోపు తగ్గింది.

ఈ సంగతి మామకి చెప్పాలా? చెబితే ఏమంటాడు? ఏమీ అనడు. అదే భయంగా ఉంది నాకు. ఇదివరకు ఆయన ఏదంటాడోనని భయం.

6 ఆగస్టు
మజ్జిగ. ఉమ్మి. కాటా. నాగేంద్రం ఈసారి నా ఎదురుగా తినడం లేదు, వంటింట్లో నిలబడి తింటోంది. అదేమిటో, ఎదురుగా తింటేనే బాగుండేది.

10 ఆగస్టు
రేపు బెజవాడ. ప్రసాదరావు గారు మళ్ళీ ఆ మాటే అన్నారు, మామ హాల్లోకి వద్దని. నేను "వస్తాడు" అన్నాను. "అరిస్తే?" "అరిస్తే అరిచాడు. నేను దించను."

గట్టిగానే అన్నాను. నా చేతుల సంగతి నాకు తెలియదు.

13 ఆగస్టు
ఫస్టు.

రాస్తూ రాస్తూ ఆగుతున్నాను. సంతోషమో, కడుపునిండా తిన్న ఆయాసమో.

చివరి ఎత్తు రెండొందల ముప్పై అయిదు. గుంటూరు కుర్రాడు అప్పటికే ముందున్నాడు. కడ్డీ పట్టుకునేముందు జనంలో వెతకలేదు. వెతకకూడదనుకున్నాను. లాగాను. నేలకి అంటుకుపోయిందేమో అనుకున్నాను, కదిలింది. మోకాళ్ళ దగ్గర ఆగింది. ఆ ఆగినచోట నడుంలో... ఏమో. ఏదో అనిపించింది. లేదా అనిపిస్తుందని ఎదురుచూస్తున్నాను గనుక అనిపించిందేమో. పైకి వచ్చింది. నిలబడ్డాను.

రిఫరీ చెయ్యి దిగలేదు.

ఆ కాస్తలో నా చెవులు మొత్తం వెనక్కి తిరిగి ఉన్నాయి. ఏ గొంతూ రాలేదు. ఏ గొంతూ రాలేదేమిటని కోపం వచ్చింది నాకు, ఒట్టు.

"డౌన్."

దించాను. మెల్లగా, నేలని ముద్దుపెట్టుకునేట్టు. మూడు తెల్లలైట్లు. ప్రసాదరావు గారు గెంతుతున్నారు. నన్ను ఎవరెవరో ఎత్తుకున్నారు. పై నుంచి చూస్తే కనపడ్డాడు మామ, చివరి వరసలో, గోడ పక్కన. కండువా మొత్తం నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. దవడలు ఉబ్బిపోయి ఉన్నాయి. కళ్ళు ఇంతింత. నీళ్ళు కారుతున్నాయి. ఊపిరాడకో, మరెందుకో.

పక్కనున్నవాళ్ళు ఆయన్ని చూసి నవ్వుతున్నారు. దిగి వెళ్ళి వాళ్ళ పళ్ళు రాలగొట్టాలనిపించింది.

14 ఆగస్టు
నిన్నటిది ఇంకా ఉంది రాయాల్సింది.

హాలు నుంచి స్టేషనుకి నడిచి వచ్చాం, నేనూ మామా. జనం, రిక్షాలు. ప్లాట్‌ఫారం మీద బల్లమీద కూర్చున్నాక ఆయన నా కాళ్ళవైపు చూసి లేచి వెళ్ళిపోయాడు. ఎక్కడికో అనుకున్నాను. కాసేపటికి వచ్చాడు, చేతిలో నా ఎడమ చెప్పు. దారిలో ఎక్కడో జారిపోయిందట. నాకు తెలియలేదు. ఒంటి చెప్పుతో అంత దూరం నడిచానని కాలు నాకు చెప్పలేదు.

చెప్పు నా పాదం ముందు పెట్టాడు. వంగి, ఆయనే వేళ్ళు సర్ది తొడిగాడు. వద్దంటున్నా వినలేదు. వస్తాదు చేత చెప్పు తొడిగించుకున్నాను, ఈ పాపం ఎక్కడ కడుక్కోవాలో.

ఇడ్లీలు తెచ్చుకున్నాం. అప్పుడు అడిగాను.

"ఎత్తినప్పుడు నా నడుం చూశావా మామా?"

ఆకు మీద చట్నీ అటూ ఇటూ జరిపాడు.

"వొణికిందా?"

"మూడు తెల్లలైట్లు ఎలిగినయ్యి గదా. ఇంక నన్నెందుకు అడుగుతావు. తిను."

17 ఆగస్టు
ఊళ్ళో దండలు, బ్యాండు మేళం. శీనుగాడు నన్ను భుజాలమీద ఎక్కించుకోబోయి చతికిలబడ్డాడు. క్వారీవాళ్ళందరూ వచ్చారు. ముక్కలైన చెప్పువాడు కూడా. నాగేంద్రం పసుపురంగు చీర కట్టుకుంది, నవ్వుతోంది, మధ్యమధ్యలో నా ఎడమకాలి వైపు చూస్తోంది. మామ చెప్పి ఉంటాడా? చెప్పడు. ఎలా తెలిసిందో మరి.

21 ఆగస్టు
వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. ఇదివరకు ఒక పూటలో తగ్గేది.

24 ఆగస్టు
చొక్కా వచ్చింది. నీలం. వీపు మీద ఆంధ్ర అని అక్షరాలు. తలుపు వేసుకుని తొడుక్కున్నాను. భుజాల దగ్గర బిగుతు. విప్పాలనిపించలేదు. అన్నానికి పిలిచినా వెళ్ళలేదు కాసేపు.

నాగేంద్రం తలుపు తోసి చూసింది. చూసి, మళ్ళీ దగ్గరగా వేసింది.

30 ఆగస్టు
ప్రసాదరావు గారు వచ్చారు. జాతీయ పోటీలకి నా సంతకం కావాలి, పై నెలలోనే బయల్దేరాలి. రేపు పొద్దున చెబుతానన్నాను. "ఇందులో చెప్పేదేముందయ్యా?" అని ఆశ్చర్యపోతూ వెళ్ళారు.

మామ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, ఆయనకి ఎదురుగా, బరువు ఎత్తి పట్టుకున్నట్టు, చాలాసేపు. ఆయన నా కాలు చూశాడు. నా ముఖం చూశాడు. కండువా నోట్లో లేదు, భుజం మీదే ఉంది.

ఏమీ అనలేదు.